ఆరు స్పీకర్లు, ఒక చెవి

మా ఆవిడ కుడి చెవి ఒక మంగళవారం పొద్దున్న పనిచేయడం మానేసింది. నొప్పి లేదు, జ్వరం లేదు. నిద్ర లేచి కూర్చుని, "వాన పడుతోందా?" అని అడిగింది. బయట ఎండ కాస్తోంది. ఆ చెవిలో మాత్రం జోరున వాన కురుస్తున్నట్టుందట. సాయంత్రానికి ఆ వాన ఆగింది. దానితోపాటే ఆ చెవికి మిగతా చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి.

డాక్టరు మాత్రలిచ్చాడు, సూదులు పొడిచాడు, గాజుగదిలో కూర్చోబెట్టి పరీక్షలు చేశాడు. నెల తిరిగాక, "ఇక వినపడదనే అనుకోండి. ఒక్క చెవితో మెదడు అలవాటు పడొచ్చు, పడకపోవచ్చు" అన్నాడు. ఒక్కో మాటా విడిగా అర్థమైనట్టే ఉంది గానీ, బయటికొచ్చి మెట్ల మీద నిలబడితే ఆయన ఏం చెప్పాడో ఇద్దరికీ అంతు చిక్కలేదు. "మంచి మాటేనా అది?" అంది తను. "మంచి మాటే అనుకుంటా" అన్నాను.

తను చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఒకే హాల్లో ముప్పై రెండు మిషన్లు. పద్దెనిమిదేళ్ళుగా ఆ హాలు చివర కుర్చీలో కూర్చుని, తల ఎత్తకుండానే, "మూడో వరస, కిటికీ పక్కది, సూది వంగింది, ఆపమ్మా" అని కేకేసేది. అందరూ చెవి అంటే మేడమ్ చెవే అనేవాళ్ళు. సెలవయ్యాక మళ్ళీ పనిలోకి వెళ్ళిన మొదటి రోజే సూది విరిగిన చప్పుడు విని ఎడమ పక్క వరసకు పరిగెత్తిందట. అది కుడి పక్క చివరి మిషను. ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"నవ్వారని కాదండీ," అంది ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ. "నవ్వు ఎటు నుంచి వచ్చిందో కూడా తెలియలేదు. అన్నీ ఎడమ పక్కే. లోకమంతా ఎడమ పక్కకి వచ్చి కూర్చుంది."

ఇంట్లోనూ అంతే. వంటింట్లోంచి మా అత్తయ్య పిలిస్తే వీధి తలుపు తీసేది. ఫోను మోగితే ఇల్లంతా వెతికేది, అది తన చేతి సంచిలోనే ఉండేది. ఒక్క చెవి పోతే చప్పుడు సగానికి తగ్గుతుంది కాబోలు అనుకున్నాను నేను. తగ్గింది చప్పుడు కాదు, దాని చిరునామా.

నేను పళ్ళ సెట్లు తయారు చేస్తాను. డెంటిస్టులు అచ్చులు పంపుతారు. మైనం కరిగించి, ప్లాస్టరు పోసి, ఆకురాయితో రుద్ది, నోళ్ళకు సరిపోయేలా చేసి పంపుతాను. వీధిలో అందరికీ పళ్ళ మేస్త్రీనే. చేతులకు ఓపిక ఎక్కువ, కరెంటు సంగతి మాత్రం బల్బు మార్చడం దగ్గరే ఆగిపోయింది. కారు స్టీరియోలు బిగించేది మా బావమరిది. వాడి షాపు చుట్టుపక్కల వాళ్ళెవరూ వాడి అసలు పేరు వాడరు, సౌండు అనే పిలుస్తారు.

ఒక సాయంత్రం వాడి షాపులో ఒక కారులో కూర్చున్నాను. పాట నా చుట్టూ తిరిగింది. తబలా వెనక నుంచి, గొంతు ముందు నుంచి, ఇంకేదో మోకాలి దగ్గర నుంచి. ఆలోచన అక్కడే పుట్టింది. ఒక గదిలో ఆరు వైపులా ఆరు స్పీకర్లు పెట్టి, ఫ్యాక్టరీ మిషన్ల చప్పుడే ఒక్కొక్కదాన్నుంచి వినిపిస్తే? రోజూ అభ్యాసం చేస్తే ఆ మిగిలిన చెవి నేర్చుకోదా?

"దానికి ఆరు చానళ్ళ ఆంప్లిఫయరు కావాలి బావా. ఒక్కో స్పీకరుకి దాని దారి దానికి ఉండాలి. కొనాలంటే..." అని వాడు ధర చెప్పాడు. ఆ డబ్బుకి పాత స్కూటరు వస్తుంది.

"మరి చేసుకుంటే?"

వాడు నన్ను పైనుంచి కిందకి చూశాడు. "పళ్ళు చేసుకున్నంత సులువు కాదు."

"పళ్ళు చెయ్యడం సులువని ఎవడన్నాడ్రా?"

అలా మొదలైంది. అరచెయ్యంత బోర్డులు మూడు కొన్నాను. ఒక్కో బోర్డు రెండు స్పీకర్లను మోగిస్తుంది. మొదటిది ముందు ఎడమ, ముందు కుడి, రెండోది పక్కలకు, మూడోది వెనక మూలలకు. కరెంటు ఇవ్వడానికి, పాడైన లాప్‌టాప్ తాలూకు చార్జరు. కంప్యూటరు నుంచి ఆరు దారుల్లో చప్పుడు పంపే చిన్న డబ్బీ ఒకటి. మిషను చప్పుడు మా ఆవిడే ఫ్యాక్టరీలో ఫోనుతో రికార్డు చేసి తెచ్చింది. కస్టమర్లు కొత్తవి వేయించుకుని వదిలేసి పోయిన కారు తలుపుల స్పీకర్లు ఆరు, బావమరిది ఇచ్చాడు. వాటిలో రెండు ఒక జాతి, మిగతా నాలుగు నాలుగు జాతులు. వాటికి చెప్పుల అట్టపెట్టెలు ఇళ్ళయ్యాయి. మొత్తం సరంజామా ఇమడ్చడానికి బిస్కెట్ల రేకు డబ్బా సరిపోయింది.

విడిభాగాలు అమ్మే షాపులో ఒక పెద్దావిడ ఉండేది. నేను అడిగినదానికి ఎప్పుడూ సూటిగా జవాబు చెప్పేది కాదు. "చార్జరు సరిపోతుందామ్మా?" అంటే, "ఎంత గట్టిగా వింటావు?" అనేది. "నేను వినను, మా ఆవిడ వింటుంది" అంటే, "ఆవిడ ఎంత గట్టిగా వింటుంది?" అనేది. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంటే ఇంత పని ఎందుకు?

పది రోజులు వైర్లకు టంకం పెడుతూ వేళ్ళు కాల్చుకున్నాక ఆరు స్పీకర్లూ నోళ్ళు తెరిచాయి. తెరిచిన వెంటనే గుయ్యిమని ఒకటే హోరు. మిషను చప్పుడు వెనక ఎక్కడో ఉంది, దాని మీద ఈ హోరు దుప్పటిలా కప్పుకుని ఉంది. కంప్యూటరు వైరు పీకేస్తే ఆగుతుంది, పెడితే వస్తుంది. బావమరిదికి ఫోన్ చేశాను.

"మైనస్ వైర్లన్నీ తెచ్చి ఒకే చోట కలుపు బావా, పోతుంది" అన్నాడు.

షాపు పెద్దావిడను అడిగాను. "మైనస్‌లు కలపకు, చెడిపోతుంది" అంది.

ఇద్దరూ పాతికేళ్ళుగా అదే పనిలో ఉన్నవాళ్ళు. ఎవరి మాట వినాలి? సొంత మనిషి మాట విన్నాను. ఆదివారం పొద్దున్న కూర్చుని, కరెంటు వచ్చే మైనస్‌లన్నీ ఒక మేకుకు చేర్చాను. హోరు చాలా తగ్గింది. అంత ఆనందంలో, ఇంకా మిగిలిన కాస్త కూడా పోతుందని, స్పీకర్లకు వెళ్ళే మైనస్‌లు కూడా తెచ్చి అదే మేకుకు చుట్టడం మొదలుపెట్టాను. పక్కల బోర్డు దగ్గర మొదలెట్టాను. రెండో వైరు తాకీ తాకగానే టప్ మంది. సన్నటి పొగ, కాలిన వాసన.

అత్తయ్య వంటింట్లోంచి, "పాలు పొంగాయా?" అంది.

బావమరిది వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "నేను చెప్పింది కరెంటు మైనస్‌ల సంగతి. స్పీకరు మైనస్ అసలు మైనసే కాదు ఈ బోర్డుల్లో, దాన్లోనూ కరెంటు పారుతుంది! ఆ పెద్దావిడ చెప్పింది దీని గురించి."

"మైనస్ అని రాసి ఉందిరా దాని మీద."

"రాసి ఉంటే?"

మైనస్ అని రాసి ఉన్నది మైనస్ కాదంటే ఇక మనిషి దేన్ని నమ్మాలో నాకు బోధపడలేదు. వాడు కొత్త బోర్డు తెచ్చి, అన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాడు. వైర్లకు నేను అంటించిన చీటీలు ఆ హడావిడిలో రాలిపోయాయి. "ఫర్వాలేదు, ఏది ఎక్కడుందో నాకు గుర్తుంది" అన్నాడు. చివరికి కంప్యూటరు మీద ఒక్కో స్పీకరుకు ఒకటిగా పెట్టుకున్న ఆరు మీటలూ వరసగా నొక్కి చూశాం. ఆరూ మోగాయి. టీ తాగి వెళ్ళిపోయాడు.

అంతకు ముందే, అంటే బోర్డు కాలకముందు, హోరు మధ్యలోనే ఓ అయిదు రోజులు అభ్యాసం చేశాం. పద్ధతి ఇది. గది మధ్యలో కుర్చీ. మా ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. "మీరు ఎదురుగా ఉంటే కళ్ళు తెరిచి మీ మొహం చూసి చెప్పేస్తాను, మీకు దాపరికం చేతకాదు" అంది. అందుకని డబ్బా, కంప్యూటరు పక్క గదిలో పెట్టుకుని, వైర్లు తలుపు సందులోంచి లాగాను. ఎవరూ మాట అందించకూడదని అత్తయ్యను వంటింటికి పరిమితం చేశాం. నేను ఒక మీట నొక్కుతాను. తను వినబడిన వైపు చెబుతుంది. నేను నోటుబుక్కులో నొక్కింది, తను చెప్పింది రెండూ రాసి, "ఒప్పు" అనో "తప్పు" అనో అరుస్తాను. రోజుకు ముప్పైసార్లు.

మొదటి రోజు ఆరు ఒప్పులు. గుడ్డిగా చెప్పినా అయిదు వస్తాయి. అయిదో రోజుకు పదకొండు. "కుడి పక్కవి కొంచెం పలచగా వస్తున్నాయండీ, తలుపు వేసేసినట్టు. తల కొద్దిగా తిప్పితే తేడా తెలుస్తోంది" అంది. ఆ రోజు అన్నం తింటూ తనే ఏదో పాట కూనిరాగం తీసింది.

కొత్త బోర్డు వచ్చాక హోరు లేదు. చప్పుడు అద్దంలా ఉంది. నంబరు మాత్రం ఎనిమిదికి పడిపోయింది. మర్నాడు ఏడు. ఆ తర్వాత ఆరు, మళ్ళీ ఏడు, అయిదు.

"వెనక ఎడమ" అంటుంది.

"తప్పు. ఎడమ పక్క."

"కుడి పక్క."

"తప్పు. వెనక కుడి."

ఒక వారం తర్వాత తన గొంతులో తేడా వచ్చింది. చెప్పేముందు ఆగేది. ఒకటి చెప్పి, "కాదు, కాదు" అని ఇంకోటి చెప్పేది. మిగిలిన చెవి కూడా పోతోందేమోనని నాకు భయం పట్టుకుంది. దాన్ని పైకి అనలేక, "ఇవాళ వాతావరణం బాలేదు" అనేవాణ్ణి. వాతావరణానికీ చెవికీ ఏం సంబంధమో తను అడగలేదు. ముందు రెండు స్పీకర్లూ మాత్రం తరచు సరిగ్గానే చెప్పేది. అదెలాగో నాకు అర్థం కాలేదు. ఎంత ఆలోచించినా, ముందు వినబడే చెవికి వెనక వినబడకుండా పోవడానికి కారణం దొరకలేదు. డాక్టరుకు ఫోను చేస్తే, "చెప్పలేం" అన్నాడు. షాపు పెద్దావిడను అడిగాను. "మనిషికి రిపేరు నా దగ్గర లేదు" అంది.

మూడో వారంలో ఒకరోజు తను ఫ్యాక్టరీ నుంచి గంట ముందే వచ్చింది. "కుర్చీ వదిలేశానండీ" అంది. "యజమానిని నేనే అడిగాను, మిషను మీద కూర్చుంటానని. ఇంట్లో కూర్చుని కళ్ళు మూసుకుని విన్నా తెలియనిది, అక్కడ ముప్పై రెండింట్లో ఏం తెలుస్తుంది? నమ్మకం లేకుండా ఆ కుర్చీలో కూర్చుంటే దొంగతనంలా ఉంది."

నా డబ్బా తనకు మేలు చేస్తుందనుకున్నాను. తన చెవి ఎంత చెడిపోయిందో తనకే రోజూ ముప్పైసార్లు చెబుతున్నాను. ఆపేద్దామా అంటే, "ఆపితే ఇంకా భయం" అంది. కాబట్టి ఆపలేదు.

ఆ శనివారం సాయంత్రం ఉన్నట్టుండి వాన వచ్చింది. అత్తయ్య ఆరేసిన బట్టలు గబగబా తీసి, మా నియమం మరిచిపోయి, ఆ గదిలోకి తెచ్చి మూల కూర్చుని మడతపెట్టసాగింది. నాకు తెలియదు. నేను పక్క గదిలో మీటలు నొక్కుతున్నాను.

"వెనక ఎడమ" అంది మా ఆవిడ.

"తప్పు. ఎడమ పక్క."

"వెనక కుడి."

"తప్పు. కుడి పక్క."

అప్పుడు అత్తయ్య గొంతు వినబడింది. "అల్లుడుగారూ, ఒక్కమాట అడుగుతాను, ఏమనుకోకండి. మోగింది నా వీపు వెనక పెట్టె. అమ్మాయి వెనకే అంది. మీరు తప్పంటున్నారు. చెవుడు దానికా, నాకా, మీకా?"

లేచి వెళ్ళాను. మళ్ళీ వచ్చి మూడో మీట, అంటే ఎడమ పక్కది, నొక్కి వదలకుండా దాని మీద పుస్తకం బరువు పెట్టి, పరిగెత్తుకెళ్ళి విన్నాను. నా రెండు చెవులకూ స్పష్టంగా వినబడింది. ఎడమ పక్క అట్టపెట్టె ఊరుకుంది. వెనక ఎడమది కుట్టుమిషనులా టకటకలాడుతోంది. నాలుగోది నొక్కితే వెనక కుడి. అయిదోది నొక్కితే ఎడమ పక్క. పక్కలూ వెనకలూ తారుమారు. ముందువి మాత్రమే ఉన్నచోట ఉన్నాయి.

ఆ ఆదివారం ఆరూ మోగుతున్నాయా లేదా అని చూశాం. ఏది ఎక్కడ మోగుతోందో చూడలేదు. ఇరవై రోజులుగా, గదిలో తన పక్కన ఒక్కసారి వచ్చి కూర్చుని వినాలని నాకు తోచలేదు.

మా ఆవిడ కళ్ళు తెరిచి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. "ఏమైంది?" అంది.

చెప్పాను. తడబడుతూ చెప్పాను. వైర్లు, చీటీలు, బావమరిది గుర్తు అన్నీ కలగాపులగంగా చెప్పాను. తను కుర్చీలోంచి లేచింది. తర్వాత, "ఆ నోటుబుక్కు తెండి" అంది.

నేల మీద కూర్చున్నాం. తను చదువుతుంటే నేను తిరిగి దిద్దాను. ఎడమ పక్క అని రాసినచోట వెనక ఎడమ, వెనక ఎడమ అని రాసినచోట ఎడమ పక్క. ఎనిమిది అన్న రోజు అసలు పన్నెండు. ఏడు అన్న రోజు పదమూడు. ఆ తర్వాత పధ్నాలుగు, పదహారు, పంతొమ్మిది. తను కుర్చీ వదిలెయ్యడానికి ముందు రోజుది దిద్దితే ఇరవై. ఆ తర్వాతి రెండు రోజులూ మళ్ళీ పడిపోయాయి, పదిహేను, పధ్నాలుగు. అవి నిజంగా తప్పులే. వాటిలో తను మొదట చెప్పి మార్చుకున్న జవాబులున్నాయి. కొట్టేసిన మాట గీత కింద కనబడుతోంది. కొట్టేసిందే ఒప్పు.

ఆ పేజీ దగ్గర తను చదవడం ఆపేసింది.

"నేను సరిగ్గానే విన్నాను" అంది. కోపంగా కాదు. ఆ మాట నిజమో కాదో తనకే తెలియనట్టు, నన్ను అడుగుతున్నట్టు అంది.

"సరిగ్గానే విన్నావు."

"మీరు తప్పన్నారని నా చెవిని నేనే నమ్మలేదు." పేజీ మీద వేలు పెట్టి, "మీరు అంత గట్టిగా ఎలా అనేవారండీ, తప్పు అని? ఒక్కసారైనా అనుమానం రాలేదా?" అంది.

అనుమానం వచ్చింది, తన మీద వచ్చింది. నా మీద, ఆ డబ్బా మీద రాలేదు. ఎందుకు రాలేదు? చేసింది నేను గనక కాబోలు. ఆ సంగతి చెప్పకుండా నోటుబుక్కు మూశాను.

"కూర్చోండి" అని కుర్చీ చూపించింది. నా కుడి చెవిలో దూది కుక్కి, పైన నా చేత్తోనే నొక్కి పట్టుకోమంది. కళ్ళు మూసుకోమంది. పక్క గదిలోకి వెళ్ళి తనే మీటలు నొక్కింది. నాకు అన్నీ ఎడమ పక్కే వినబడ్డాయి. ముప్పైకి ఆరు. తను "తప్పు" అన్నప్పుడల్లా కుర్చీలో అటూ ఇటూ కదిలేవాణ్ణి. పన్నెండో పదమూడో తప్పు తర్వాత, ఎలాగూ తప్పే అవుతుందని, వినకుండానే నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టాను. అదీ గమనించాను. మూల నుంచి అత్తయ్య నవ్వింది. ఆ నవ్వు మూల నుంచి వచ్చిందని నాకు తెలిసింది ఆవిడ అక్కడ ఉందని ముందే తెలుసు గనక.

మర్నాడు బావమరిదిని పిలిపించాను. "నేను సరిగ్గానే పెట్టాను బావా, నువ్వే తర్వాత కదిలించి ఉంటావు" అన్నాడు. నేను కదిలించలేదు. కదిలించలేదనే నా నమ్మకం. ఎవరం ఎంతసేపు వాదించినా తేలలేదు. మా ఆవిడ మాత్రం వాడితో, "ఏది ఎవరు పెట్టారో వదిలెయ్యరా. మళ్ళీ బిగించి, ప్రతి స్పీకరు దగ్గరా నించుని విని చెప్పు" అంది. వాడు చెప్పుల పెట్టెల ముందు ఒక్కొక్కదాని దగ్గరా వంగి వినడం చూస్తే నాకు నవ్వూ సిగ్గూ రెండూ వచ్చాయి.

ఫ్యాక్టరీ యజమాని కుర్చీ వెనక్కి ఇవ్వలేదు. కొత్తగా కూర్చున్నామె పని బాగా చేస్తోంది, ఆమెను దించడం అన్యాయమని మా ఆవిడే ఒప్పుకుంది. నాలుగు నెలలు మిషను మీదే కుట్టింది. తర్వాత ప్యాంట్ల కోసం పక్కన చిన్న హాలు తెరిచారు, పధ్నాలుగు మిషన్లు. అక్కడ సూపర్‌వైజరు కావాలంటే తను వెళ్ళి అడిగింది. "చెవి నయమైందా?" అన్నాడట యజమాని. "నయం కాలేదు సార్. కుర్చీలో కూర్చుని చెప్పలేను, లేచి నాలుగడుగులు నడిస్తే చెప్పగలను" అందట. ఇచ్చాడు.

అభ్యాసం ఇప్పుడు వారానికి రెండు రోజులు చేస్తున్నాం. ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది, పెరగడం లేదు. ఇది డబ్బా వల్ల వచ్చిందో, నాలుగు నెలలు మిషన్ల మధ్య కూర్చోవడం వల్ల వచ్చిందో, ఊరుకున్నా వచ్చేదేనో నాకు తెలియదు. తనను అడిగితే ఒకరోజు డబ్బా వల్లే అంటుంది, ఇంకోరోజు డబ్బా లేకపోతే ఇంకా ముందే వచ్చేది అంటుంది. రెండూ నిజమే అనిపిస్తాయి.

ఒకటి మాత్రం మారింది. మీట నొక్కి, ఇప్పుడు నేను ఒప్పు అనీ తప్పు అనీ అరవను. లేచి గదిలోకి వెళ్ళి, తన పక్కన నిలబడి, నేనూ వింటాను. తర్వాత చెబుతాను.